రాజులమ్మ గడప ముందు కెమెరా

నేరేడుపుట్టులో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. పొద్దున్నే ఈ వీధి చివర ఒకరి కోడి పోయిందంటే, అంబలి తాగే వేళకి ఆ వీధి చివర దాని ఈకల రంగుతో సహా చెప్పేస్తారు. అలాంటి ఊళ్లో రాజులమ్మ ఒక్కత్తే వేరు. నోరు లేని మనిషనుకునేరు, కాదు. సంతలో పసుపు కొనే షావుకారు తూకం దగ్గర చెయ్యి ఆడించాడంటే వాడి ఏడు తరాలనీ దులిపేసి గానీ వదలదు. అంత నోరున్న మనిషి, దాచమన్న మాట దగ్గర మాత్రం పెదవి విప్పదు. కడుపులో పెట్టుకుంటే పెట్టుకున్నట్టే.

ఆవిడది ఊరి మొగలో మొదటి ఇల్లు. కింద నుంచి వచ్చే తారు రోడ్డు సరిగ్గా అక్కడే మలుపు తిరిగి, ఒక పాయ ఊళ్లోకి, ఒక పాయ ఒడిశా వైపు కొండల్లోకి పోతుంది. మొగుడు పోయి చాన్నాళ్లయింది. ఇంటి వెనక సిల్వరోకు చెట్ల నీడలో కాస్త కాఫీ తోట, చెట్లకి పాకిన మిరియాల తీగలు, తీరిక దొరికితే అరుగు మీద కూర్చుని అడ్డాకులు కుట్టడం. బతుకంతా ఇంతే. కానీ ఆ ఇంటికి ఇంకో పని ఉంది. అది రాజులమ్మ పెట్టింది కాదు, ఆవిడ కంటే ముందు ఆ ఇంట్లో ఉన్న ముసలమ్మ నుంచి వచ్చింది.

ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడపిల్ల ఒకణ్ణి ఇష్టపడి, ఇంట్లో వాళ్లు కాదంటే, నేరుగా వాడింటికి పోదు. పోతే కొట్లాటే. ఊరవతల పెద్ద మనిషి ఒకావిడ ఇంటికొచ్చి కూర్చుంటుంది. ఆ తర్వాత సంత రోజున ఆ కుర్రాడు ఒక సంచి పట్టుకొస్తాడు. అందులో బియ్యం, కోడి, కొత్త చీర ఉంటాయి. వాడు గడప దాటకూడదు, లోపలికి తొంగి చూడకూడదు, మాట్లాడకూడదు. మొహం పక్కకి తిప్పుకుని సంచి గడప మీద పెట్టి వెళ్లిపోవాలి. అంటే, పిల్లని నేను గాలికొదిలెయ్యలేదు, తిండి కూడా నాదే అని. పెద్దలు కూర్చుని మాట తేల్చేదాకా వాడు ఆ పిల్ల పేరు ఎవరి దగ్గరా ఎత్తకూడదు. ఈలోపు పిల్ల తండ్రి వచ్చి మలుపులో నిలబడి, గొంతు పోయేదాకా తిట్టిపోస్తాడు. పిల్ల ఎక్కడుందో ఆయనకీ తెలుసు. కానీ అడగడు. అడిగితే అవునో కాదో చెప్పాలి, చెబితే తన్నుకోవాలి. కోపం చల్లారాక పెద్దలు కూర్చుంటారు, పిల్ల తండ్రికిచ్చే ఓలి సొమ్ము తేలుతుంది, జీలుగు కల్లు తాగుతారు, నవ్వుకుంటూ ఇళ్లకి పోతారు. రాజులమ్మ కూడా గుంటపిల్లగా ఉన్నప్పుడు అలా వచ్చి కూర్చున్న మనిషే. పిల్లాజెల్లా లేని ఆ ముసలమ్మ పోతూ పోతూ ఇల్లూ, పనీ ఈవిడకే అప్పజెప్పింది. ఆ పనికి ఒకటే కట్టు. వచ్చినవాళ్లు చెప్పకపోతే అడగకూడదు, ఎవరడిగినా చెప్పకూడదు.

ఆ కట్టు ఆవిడ మామూలు రోజుల్లో నిలబెట్టుకోలేదు సుమా! అడవిలోంచి అన్నలొచ్చి, పోలీసోళ్లు ఎవరొచ్చారు నీ ఇంటికి అని అడిగిన రోజులున్నాయి. పోలీసులొచ్చి, అన్నలు ఎవరొచ్చారు అని అడిగిన రోజులున్నాయి. ఇద్దరికీ ఒకటే జవాబు.

"ఎవరో వచ్చారు బాబూ. ఆకలన్నారు, అంబలి పోసాను. పేరడిగి పోత్తామేటి అంబలి?"

ఆ జవాబుకి ఒకసారి తుపాకి మడమతో భుజం మీద దెబ్బ కూడా పడింది. వానలు పట్టాయంటే ఆ భుజం ఇప్పటికీ పీకుతుంది. కొట్టింది ఎవరు పెద్దమ్మా అని అడిగి చూడండి. అదీ చెప్పదు.

ఇలాంటి మనిషి ఇంటి ముందు కెమెరా ఎలా వచ్చిందంటారా? ఆవిడే అడిగి పెట్టించుకుంది!

అలా అడగడంలో తప్పేమీ లేదు. గంజాయి మూటలు కట్టుకున్న బైకులు ఆ మలుపులో వేళాపాళా లేకుండా దూసుకుపోయేవి. మేకలు పోయాయి, దూడ పోయింది. చివరికి వీధిలో చుట్ట కాల్చుకుంటున్న సోమన్న తాత కాలు విరగ్గొట్టి, వెనక్కి కూడా చూడకుండా పోయారు. అప్పుడే కింద ఔట్‌పోస్టుకి కొత్తగా మోహన్‌కృష్ణ అని ఎస్సై వచ్చాడు. గోదావరి వైపు మనిషి, కుర్రాడు. ఊరికి నడిచొచ్చి, అందరినీ కూర్చోబెట్టి, ఏం చేద్దామో మీరే చెప్పండి అన్నాడు. అలా అడిగిన పోలీసుని ఊరెప్పుడూ చూడలేదు. రాజులమ్మ ఒంటికాలి మీద లేచింది.

"కెమెరా ఎట్టండి బాబూ! ఎదవల మొకాలు పట్టండి! రేపు నా ఇంట్లోకొచ్చి గుద్దేత్తారు!"

పెట్టారు. రెండు దారులూ కనబడే చోటు అదొక్కటేనని, ఆవిడ గుమ్మానికి ఎదురుగానే స్తంభం పాతారు. పైన సోలారు పలక, కింద కెమెరా. ఊళ్లో కొత్తగా ఏది నిలబెట్టినా పూజ చెయ్యకుండా ఊరుకుంటారా? శంకుదేవుడి రాయికి రాసినట్టే స్తంభానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కోడిని కోశారు. ఎస్సై ముందు వద్దన్నాడు, తర్వాత నవ్వి ఊరుకున్నాడు. కోడి కూర తిని మరీ వెళ్లాడు. ఆ నెలలోనే బైకుల జోరు తగ్గింది. సోమన్న తాత కర్ర పట్టుకుని మళ్లీ వీధిలోకి రాగలిగాడు. రాజులమ్మ ఊరంతా తిరిగి, సూసారా నేను సెప్పలేదూ, అని గొప్పలు పోయింది.

తర్వాత మొదలైంది తిరకాసు. ఒకరోజు ఎస్సై తన ఫోన్లో ఆ బొమ్మ తీసి చూపించాడు. అందులో తన ఇల్లు, తన గుమ్మం, అరుగు మీద కూర్చుని తల గోక్కుంటున్న తను. అందరూ పకపకా నవ్వారు, రాజులమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం అరుగు మీద కూర్చోలేకపోయింది. పైట సర్దుకుంటుంది, లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది, స్తంభం కేసి చూస్తుంది. వీపు మీద ఎవరో చెయ్యి వేసి తియ్యడం మర్చిపోయినట్టుంది. అడ్డాకుల కట్ట తీసుకుని పెరట్లోకి పోయింది. పెరట్లో ఈగలు. మళ్లీ అరుగు. నా ఇంటి ముందు నాకీ అవస్థేటని తనని తనే తిట్టుకుంది. అడిగి పెట్టించుకున్నదాన్ని తియ్యమనడానికి మొహం చెల్లలేదు. సోమన్న తాత కాలు గుర్తొస్తే తియ్యమనాలనీ లేదు.

కాఫీ పళ్లు ఎర్రబడుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ముసురులో, పుస్తకాల సంచి గుండెకి అదుముకుని రమణి వచ్చింది. రెండు కొండల అవతల ఊరు. పంతొమ్మిది నిండాయి, పాడేరు హాస్టల్లో ఉండి ఇంటరు చదివింది. తండ్రి భీముడు మేనబావకిచ్చేస్తానని మాటిచ్చేశాడు. పిల్లేమో ఒడిశా వైపు నుంచి పసుపు బస్తాలు తోలే ఫల్గుణ అనే కుర్రాణ్ణి ఇష్టపడింది. ఇవన్నీ ఆ పిల్ల తనకై తను చెప్పింది, రాజులమ్మ అడగలేదు. గుమ్మంలో ఆ పిల్లని చూడగానే ఆవిడ కళ్లు స్తంభం మీదకి పోయాయి. జబ్బ పట్టుకుని ఒక్క లాగు లోపలికి లాగేసింది.

"ఆ కెమెరా ఎప్పుడు ఎట్టారు పెద్దమ్మా?" అంది రమణి, తల తుడుచుకుంటూ. "ముందే తెలిత్తే దొడ్డిదారిని వచ్చేదాన్ని కదా. టవర్లో తెలిసిపోద్దని ఫోన్లో సిమ్ము కూడా గెడ్డ నీళ్లలో పారేసి వచ్చాను."

రాజులమ్మ తలుపు సందులోంచి మళ్లీ స్తంభం కేసి చూసింది. రమణి సంగతి సరే, సంత రోజున ఆ కుర్రాడు వస్తాడు కదా. వాడికి తెలియదు కదా. కబురు పంపుదామంటే తెచ్చేవాడికి సంగతి చెప్పాలి, ఎవరికీ చెప్పకూడదన్నదే కట్టు. సంత నాడు తెల్లారినప్పటి నుంచీ రాజులమ్మ కాలుగాలిన పిల్లిలా మలుపులో అటూ ఇటూ తిరిగింది. ఏ బండి చప్పుడైనా ఎదురెళ్లింది. ఎంతసేపని తిరుగుతుంది? తోటలోకి ఆవు పడిందని ఎవరో కేకేస్తే అటు పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి గడప మీద సంచి ఉంది. లోపల కోడి అరుస్తోంది. తలుపు వెనక రమణి, దూరమైపోతున్న బండి చప్పుడు వింటూ నవ్వుకుంటోంది. ఆ నవ్వు చూసి రాజులమ్మ కెమెరా మాట ఎత్తకుండా సంచి లోపలికి తీసుకుపోయింది.

ఆ వారం తిరగకుండానే ఎస్సై వచ్చాడు. రమణి వెనక తోటలో కాఫీ పళ్లు కోస్తోంది. వెనకాల ఒక్క కానిస్టేబులు తప్ప బలగం లేదు. బూట్లు విప్పి, అరుగు మీద కూర్చుని, "అంబలి ఉందా అమ్మా?" అని తనే అడిగి తాగాడు. తాగాక ఫోను తీసి చూపించాడు.

"ఇది చూడమ్మా. ఒడిశా నంబరు బండి. మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. సంచి పెట్టాడు, పోయాడు. దీన్ని మా పైవాళ్లకి చూపిస్తే ఏమనుకుంటారో నువ్వే చెప్పు."

"ఏటి బాబూ, సంచిలో బియ్యం ఎట్టాడు. కోడి ఎట్టాడు. అదిగో, ఆ తిరుగుతున్నదే కోడి. సీర కూడా ఉంది, సూపించమంటావా?"

"చీర ఎవరికమ్మా?"

రాజులమ్మ ఖాళీ అంబలి గిన్నె తీసి పక్కన పెట్టింది.

"నీ మీద నాకు అనుమానం లేదు. కెమెరా అడిగిందే నువ్వు," అన్నాడు మోహన్‌కృష్ణ. గొంతు పెంచలేదు. "కానీ ఆ కుర్రాణ్ణి ఈ పొద్దున చెక్‌పోస్టు దగ్గర ఆపారు. స్టేషన్లో కూర్చున్నాడు. బండిలో ఏమీ దొరకలేదు, ఒప్పుకుంటాను. సంచి ఎవరికిచ్చావురా అంటే నోరు విప్పడు. ఏముందిరా అంటే నోరు విప్పడు. ఇలాగే కూర్చుంటే వాణ్ణి నేను కాపాడలేనమ్మా. గంజాయి కేసంటే బెయిలు కూడా అంత తొందరగా రాదు. ఏళ్లు పోతాయి."

పిల్ల పేరు చెప్పకుండా వాడు కట్టు నిలబెట్టుకుంటున్నాడు. అది తలుచుకునేసరికి రాజులమ్మకి కూర్చోబుద్ధి కాలేదు. లేచింది. లోపలికెళ్లింది, బయటికొచ్చింది. పెరటి తలుపు దాకా వెళ్లి తోటలోకి చూసింది. కొమ్మల మధ్య రమణి జడ కనబడుతోంది. ఒక్క కేక వేసి అడిగితే సరిపోను. ఒలే, సెప్పీమంటావా, వద్దంటావా, అని. ఈ కథంతటిలో ఆవిడ చెయ్యాల్సిన పని అదొక్కటే. అది చెయ్యలేదు. పిల్లని పోలీసుల ముందుకి పిలవడమెందుకు అనుకుంది, నేను చూసుకుంటాననుకుంది, వీడు మంచి కుర్రాడనుకుంది.

"బేగి చెప్పమ్మా, అవతల రాసుకునేవాళ్లు ఆగరు," అన్నాడు ఎస్సై. బేగి అన్న ఆవిడ మాట తనకీ అలవాటైపోయింది.

"నీ కడుపులో ఎట్టుకుంతావా బాబూ?"

"నా దగ్గరే ఉంటుందమ్మా."

చెప్పేసింది. పిల్ల పేరు, ఊరు, తండ్రి పేరు. తుపాకి మడమ తిన్నప్పుడు రాని మాట, అమ్మా అన్నందుకు వచ్చేసింది.

మోహన్‌కృష్ణ అబద్ధం ఆడలేదు. ఫల్గుణని పొద్దుగూకకుండానే బండితో సహా వదిలేశాడు. కానీ వదలడానికి ఏదో ఒక కారణం కంప్యూటర్లో ఎక్కించాలి కదా. రమణి పేరు ఎక్కింది. కొండల అవతలి స్టేషన్లో భీముడు కూతురు కనబడటం లేదని ఎప్పుడో కంప్లయింటు ఇచ్చి ఉన్నాడు. ఇక్కడెక్కిన పేరు అక్కడ తేలింది. ఆ స్టేషనువాళ్లు తండ్రికి ఫోను కొట్టారు, మీ అమ్మాయి ఫలానా ఊళ్లో ఫలానా ఇంట్లో ఉంది అని. ఎవరి డ్యూటీ వాళ్లు చేశారు. ఎవరిని తిడతాం?

మర్నాడు పొద్దున్నే భీముడు, అతని తమ్ముళ్లిద్దరూ ఆటోలో దిగారు. మలుపులో ఆగలేదు, తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. తిట్టి ఉంటే రాజులమ్మకి ప్రాణం కుదుటపడేది. తిన్నగా గుమ్మం దాకా వచ్చాడు.

"ఒరే భీముడూ, గడప దాటకు! నీ పెళ్లాం కూడా ఇలాంటి గడప లోపల కూకునే నీ ఇంటికొచ్చింది, మరిసిపోయావేటి?"

"పోలీసులే సెప్పాక నాకింక దాపేటి, సిగ్గేటి? ఊరందరికీ తెలిసిపోయినాది. తప్పుకో పెద్దమ్మా."

రాజులమ్మ అడ్డం పడింది. భుజం పట్టుకుని పక్కకి నెట్టేశారు. రమణి అరవలేదు, ఏడవలేదు. మణికట్టు పట్టుకుని లాక్కుపోతుంటే వెనక్కి తిరిగి రాజులమ్మ కేసి ఒక్కసారి చూసింది. "ఎవరు సెప్పారు పెద్దమ్మా?" అంది. రాజులమ్మ కళ్లు దించుకుంది. చెప్పక్కర్లేకపోయింది, ఆ పిల్లకి అర్థమైపోయింది.

ఆటో మలుపు తిరిగాక రాజులమ్మ అరికాలి మంట నెత్తికెక్కింది. వీధిలోకెళ్లి స్తంభాన్ని అరచేతులతో బాదింది. "సూసావా! ఇప్పుడు సూసావా! కళ్లు సల్లబడ్డాయా!" అని అరిచింది. ఊరంతా గుమ్మాల్లోకొచ్చి చూసింది. తర్వాత సోమన్న తాత మనవరాలి ఫోను లాక్కుని ఎస్సైకి చేసింది. వాడికి బాబూ లేదు, గీబూ లేదు. నోటికొచ్చిందల్లా అనేసింది.

మోహన్‌కృష్ణ జీపులో వచ్చాడు. తల వంచుకుని అన్నీ విన్నాడు. "నా తప్పేనమ్మా," అన్నాడు. "కానీ ఆ అమ్మాయి మేజరు. బలవంతంగా తీసుకుపోవడం నేరం. పద, నా దగ్గర సాక్ష్యం ఉంది." ఆ సాక్ష్యం ఏమిటనుకున్నారు? అదే కెమెరా. గడప దాటడం, ముసల్దాన్ని నెట్టడం, పిల్లని లాగడం, అన్నీ అందులో పడ్డాయి. అవి చూపించేసరికి భీముడు నీరుగారిపోయాడు. రమణి మహిళా కానిస్టేబులు ముందు, నా ఇష్టప్రకారమే వెళ్తాను అని గట్టిగా చెప్పింది. ఫల్గుణ వచ్చి తీసుకెళ్లాడు. ఓలీ తేలలేదు, కల్లూ తాగలేదు. తండ్రీ కూతురూ ఈరోజుకీ మాట్లాడుకోరు.

ఊరు ఊరంతా కెమెరాని మెచ్చుకుంది. కాదనడానికి రాజులమ్మ దగ్గర మాటేముంది? పిల్లని పట్టించిందీ అదే, విడిపించిందీ అదే. మోహన్‌కృష్ణ ఇప్పటికీ అటు వస్తే అరుగు మీద కూర్చుంటాడు. ఆవిడ అంబలి పోస్తుంది. మాట మాత్రం పోయదు. తోటలో పళ్లు కోతకొచ్చాయి, ఎండాయి, మిరియాలు దిగాయి. ఆ ఇంటికి మళ్లీ ఏ పిల్లా రాలేదు. పిల్లలు పారిపోవడం మానేశారా? లేదు. వేరే ఎక్కడికో పోతున్నారు. ఎక్కడికో రాజులమ్మకి ఎవరూ చెప్పరు. చిన్న చప్పుడైతే చాలు, తలుపు తీసి చూస్తుంది. పెరటి వైపు కూడా చూస్తుంది. గాలి.

మొన్న సంతలో రమణి కనబడింది. కడుపుతో ఉంది, మొహం కళగా ఉంది. రాజులమ్మ జనాన్ని తోసుకుంటూ పోయి రెండు చేతులూ పట్టేసుకుంది. బొరుగులు కొనిపెట్టింది, నడుము నొప్పిగా ఉంటే ఏం చెయ్యాలో చెప్పింది, ఎత్తు పనులు చెయ్యకని తిట్టింది. రమణి నవ్వుతూ అన్నిటికీ ఊఁ కొట్టింది.

"నెల నిండితే నేనొచ్చి సూసుకుంతానే. ఏ ఊర్లో ఉంటన్నారు?"

"బాగున్నాం పెద్దమ్మా."

"బాగుండాలే. ఏ ఊర్లో అని అడుగుతన్నాను."

రమణి చుట్టూ చూసింది. ఆవిడ చెయ్యి వదల్లేదు. కోపమేమీ లేదు ఆ మొహంలో, అదే రాజులమ్మకి భరించరానిదైంది.

"నువ్వు మంచిదానివే పెద్దమ్మా," అంది మెల్లగా. "మంచిగా అడిగితే సెప్పేత్తావు."

అవతల జీపువాడు హారన్ కొట్టాడు. రమణి బొరుగుల పొట్లం పైటలో కట్టుకుని, వెళ్లొస్తానని చెప్పి జనంలోకి నడిచింది. కొండల్లోకి పోయే జీపులు అక్కడ వరసగా నిలబడి ఉన్నాయి. వాటిలో ఏది ఎక్కుతుందో చూద్దామని మెడ తిప్పబోయి, రాజులమ్మ ఆగిపోయింది.